అమాక్సిసిలిన్ సిరప్ వాడుతుండగా పాపకి ఒళ్ళంతా ర్యాష్. ఇక జన్మంతా పెన్సిలిన్ వాడకూడదా?

చిన్నితల్లి అడిగారు:

మా పాపకి నాలుగేళ్ళు. చెవిపోటు, జ్వరం వస్తే డాక్టరుగారు చెవిలో ఇన్ఫెక్షన్ అని చెప్పి అమాక్సిసిలిన్ సిరప్ రాశారు. త్వరగానే నొప్పి తగ్గింది, జ్వరం దిగింది, పిల్ల మళ్ళీ ఆటల్లో పడింది. కోర్సు అయిపోవచ్చిందనగా ఓ పొద్దున స్నానం చేయిస్తుంటే పొట్ట మీద, వీపు మీద సన్నటి ఎర్రమచ్చలు కనిపించాయి. సాయంత్రానికి అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి తొడలకీ, చేతులకీ, బుగ్గలకీ పాకాయి. దురద పెద్దగా లేదు. పెదాలు వాయలేదు, ఆయాసం లేదు, తిండి మామూలుగానే తింటోంది.

క్లినిక్‌కి ఫోన్ చేస్తే సిరప్ ఆపేసి తీసుకురమ్మన్నారు. రోజూ చూసే డాక్టరుగారు ఆవేళ లేరు. డ్యూటీలో ఉన్నాయన ఒక్కసారి చొక్కా ఎత్తి చూసి, ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో 'పెన్సిలిన్ అలర్జీ' అని రాసి, అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతిదే, ఇక ఈ జాతి మందులేవీ వాడొద్దన్నారు. ఎందుకు, ఎన్నాళ్ళు అని అడిగేలోపే తర్వాతి పేషెంటుని పిలిచేశారు.

అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. పాపకి చెవి ఇన్ఫెక్షన్లు తరచూ వస్తుంటాయి. మళ్ళీ వస్తే ఏం మందు వేస్తారు? మా అత్తగారికి వయసులో ఉండగా పెన్సిలిన్ ఇంజెక్షన్ చేసిన కాసేపటికే మొహమంతా వాచిపోయి ప్రాణం మీదికొచ్చిందట. ఆవిడ పోలికే పాపకి వచ్చిందని ఇంట్లో అందరూ అంటున్నారు. అది నిజమేనా? నాకైతే పంటి నొప్పికి అమాక్సిసిలిన్-క్లావులనేట్ బిళ్ళలు వేసుకున్నప్పుడల్లా మోషన్స్ అవుతాయి. అదీ అలర్జీ కిందికే వస్తుందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

నీలిమబ్బు:

అమ్మా, నా అనుభవం చెబుతాను. గొంతునొప్పికి అమాక్సిసిలిన్ క్యాప్సూల్ వేసుకున్నాను. అంతకుముందు చాలాసార్లు వాడిన మందే. అరగంట కాకముందే అరచేతులు, అరికాళ్ళు మండినట్టు దురద మొదలైంది. వేలికున్న ఉంగరం బిగుసుకుపోయింది. చూస్తుండగానే పొట్ట మీద దద్దుర్లు ఉబ్బెత్తుగా లేచాయి, పెదాలు మొద్దుబారాయి, గొంతు మారిపోయింది. లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మాయి. మా ఆవిడ వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేసింది. వాళ్ళు రాగానే తొడ పక్క భాగంలో అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. నిమిషాల్లో ఊపిరి సాఫీగా ఆడింది. ఆ రాత్రి ఇంటికి పంపలేదు. ఒకసారి తగ్గిన రియాక్షన్ కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టొచ్చని చెప్పి అక్కడే ఉంచారు.

అందుకే నా మాట వినండి. ఒక్కసారి ఒంటికి పడలేదంటే ఆ మందు జోలికి మళ్ళీ పోకండి. నా పర్సులో ఎప్పుడూ పెన్సిలిన్ పడదని రాసిన కార్డు ఉంటుంది.

మందులచీటీ:

చిన్నితల్లి గారూ, నేను ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను. డాక్టర్ని కాను, పాపని చూడలేదు. కాబట్టి నేను చెప్పేది మీ పిల్లల డాక్టరుగారిని ఏం అడగాలో తెలుసుకోవడానికి మాత్రమే వాడుకోండి.

నీలిమబ్బు గారికి జరిగింది అసలైన ఇమ్మీడియట్ అలర్జీ, అనఫిలాక్సిస్. ఆయన మళ్ళీ ఆ మందు వేసుకోకపోవడం నూటికి నూరుపాళ్ళు సరైనదే. కానీ మీ పాపకి జరిగింది అది కాదని మీ వర్ణనే చెబుతోంది. రెంటికీ తేడా టైములో ఉంది, మచ్చల తీరులో ఉంది.

ఇమ్మీడియట్ అలర్జీలో, మందుకి వ్యతిరేకంగా ఒంట్లో ముందే తయారై ఉన్న ఐజీఈ యాంటీబాడీలు మందు పడగానే దురద, వాపు తెచ్చే హిస్టమిన్ వగైరా రసాయనాలను ఒక్కపెట్టున విడుదల చేయిస్తాయి. అందుకే సాధారణంగా గంటలోపే మొదలవుతుంది. అంతకుముందు ఎన్నిసార్లు వాడినా ఏమీ కాని మందుకి ఇలా రావడానికి కారణం కూడా అదే. ముందు వాడకాల్లోనే ఆ యాంటీబాడీలు తయారై ఉంటాయి. దద్దుర్లు ఉబ్బెత్తుగా, విపరీతమైన దురదతో లేస్తాయి, ఇక్కడ తగ్గి అక్కడ తేలతాయి. మీ పాపకి వచ్చినవి చదునుగా, సన్నగా, పొట్ట, వీపు మీద మొదలై నెమ్మదిగా పాకాయి. అదీ కోర్సు మొదలైన ఎన్నో రోజులకి. ఇది ఆలస్యంగా వచ్చే ర్యాష్. అమాక్సిసిలిన్ వాడే పిల్లల్లో మేం తరచుగా వినేది ఇదే.

ఏ రకమో అనుమానంగా ఉంటే ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. బాల్‌పెన్నుతో ఒక మచ్చ చుట్టూ గీత గీసి, టైము రాసుకుని ఫొటో తీయండి. మర్నాడు అదే టైముకి మళ్ళీ చూడండి. ఉబ్బు దద్దురైతే గీత లోపల చర్మం మామూలుగా అయిపోయి ఉంటుంది, మచ్చ ఇంకెక్కడో తేలుతుంది. ఆలస్యపు ర్యాష్ అయితే గీసిన చోటే ఉంటుంది, బహుశా కాస్త ముదురు రంగుకి తిరిగి. డాక్టరుగారికి ఆ రెండు ఫొటోలు చూపిస్తే చాలా ఉపయోగం. మీరు తీసుకెళ్ళేసరికి మచ్చలు మాయమైపోయి ఉండొచ్చు కదా.

ఇంకో సంగతి. పిల్లలకి యాంటీబయాటిక్ ఇచ్చే రోజుల్లోనే ఒంట్లో వైరస్ కూడా ఉంటుంది చాలాసార్లు. వైరస్‌లకే ర్యాష్ వస్తుంది, నింద మందు మీద పడుతుంది. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ వల్ల గొంతునొప్పి, మెడ బిళ్ళలు కట్టడం, జ్వరం వస్తాయి. అది ఉన్నప్పుడు అమాక్సిసిలిన్ పడితే ఒళ్ళంతా ర్యాష్ రావడం వైద్యులకి బాగా తెలిసిన విషయం. అలా వచ్చినవాళ్ళలో చాలామంది ఆ ఇన్ఫెక్షన్ తగ్గాక అదే మందుని మామూలుగానే తట్టుకుంటారు.

మాంట్రియల్‌లోని పిల్లల ఆసుపత్రిలో అమాక్సిసిలిన్ అలర్జీ అనుమానం ఉన్న 800 పైచిలుకు పిల్లలకి డాక్టర్ల పర్యవేక్షణలో మళ్ళీ అదే మందు ఇచ్చి చూశారు. 2016లో అచ్చయిన ఆ అధ్యయనంలో దాదాపు 94 శాతం మందికి ఏమీ కాలేదు. మిగతావాళ్ళలో కూడా ఎక్కువమందికి ఆలస్యంగా వచ్చిన ర్యాషే.

అయితే ఆలస్యపు ర్యాష్ అన్నీ ఒక్కలాంటివి కావు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. చర్మం ముట్టుకుంటే నొప్పిగా ఉండటం, బొబ్బలు లేవడం, చర్మం పొరలుగా ఊడటం, నోట్లోనో కళ్ళలోనో మూత్రం వచ్చే చోటో పుళ్ళు పడటం: వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అలా మొదలవుతుంది. మొహం వాచి, జ్వరం వచ్చి, గ్రంథులు ఉబ్బి, కళ్ళు పచ్చబడినా అంతే. అలాంటిది మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకి కూడా రావచ్చు. ర్యాష్‌తో పాటు కీళ్ళు వాచి పిల్ల నడవనని మారాం చేస్తే అది సీరమ్ సిక్‌నెస్ లాంటి రియాక్షన్ కావచ్చు, అదీ చూపించాలి. మందుతో సంబంధం లేకపోయినా సరే, జ్వరంతో పాటు ఊదారంగు మచ్చలు వచ్చి, గాజు గ్లాసు అద్ది నొక్కినా రంగు పోకపోతే ఇక ఆలోచించొద్దు, పరుగెత్తండి.

మీ మోషన్స్ సంగతి. అది అలర్జీ కాదు, సైడ్ ఎఫెక్ట్. యాంటీబయాటిక్ పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియాని కూడా చంపుతుంది. దానికి తోడు మీ బిళ్ళలో ఉన్న క్లావులనేట్ విరేచనాలు ఎక్కువ చేస్తుంది, అమాక్సిసిలిన్ ఒక్కటే వాడితే అంత ఉండదు. భోజనం మొదట్లో వేసుకుంటే కడుపు తక్కువ ఇబ్బంది పడుతుంది. నోటిలో తెల్లపూత, ఆడవాళ్ళకి ఫంగస్ వల్ల కింద దురద, తెల్లబట్ట కూడా ఈ కోవలోవే, వాటికి మందులున్నాయి. కానీ రోజుకి ఎన్నోసార్లు నీళ్ళ విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం, రక్తం ఉంటే ఊరుకోకండి. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి పెరిగి ఉండొచ్చు. కోర్సు అయిపోయిన వారాల తర్వాత కూడా ఇది బయటపడుతుంది. ఆ పరిస్థితిలో మోషన్లు కట్టే బిళ్ళ సొంతంగా వేసుకోవద్దు. అలాగే క్లావులనేట్ కలిసిన మందు తర్వాత కొందరికి, ముఖ్యంగా వయసు మళ్ళిన మగవాళ్ళకి, కామెర్లు వస్తాయి. మందు ఆపేశాక కొన్ని వారాలకి వస్తాయి కాబట్టి చాలామందికి ఆ మందు గుర్తే రాదు.

ఫైలు మీద ఆ రెండు ముక్కలే ఉండటం నాకు నచ్చలేదండీ. రోజూ ప్రిస్క్రిప్షన్లు చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ఎప్పుడు, ఎంతసేపటికి, ఎలాంటి మచ్చలు అన్నది లేకుండా ఉత్త 'అలర్జీ' అని రాస్తే, పదేళ్ళ తర్వాత చూసే డాక్టరుకి మీ పాపకీ నీలిమబ్బు గారికీ తేడా తెలియదు. భయపడి పెద్ద యాంటీబయాటిక్స్‌కి పోతారు. అవి ఎక్కువ రకాల బ్యాక్టీరియాని చంపుతాయి, డిఫిసిల్ బెడద పెంచుతాయి, మందులకి లొంగని క్రిములు పెరిగేందుకు దారిస్తాయి. అమెరికాలో పదిమందిలో ఒకరి రికార్డుల్లో పెన్సిలిన్ అలర్జీ అని ఉంటుంది. సరిగ్గా పరీక్షిస్తే వాళ్ళలో 90 శాతానికి పైగా ఆ మందు వాడగలరని తేలుతోంది.

పాతకార్డు:

ఆ 90 శాతంలో నేనూ ఒకదాన్ని. చిన్నప్పుడెప్పుడో పెన్సిలిన్ పడలేదని అమ్మ చెప్పేది. ఏం జరిగిందని అడిగితే ఆవిడకీ గుర్తులేదు. పెద్దయ్యాక ఏ ఆసుపత్రికి వెళ్ళినా నేనే ముందుగా 'నాకు పెన్సిలిన్ పడదు' అని చెప్పేదాన్ని.

మోకాలి ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరుగారు ఆ మాట పట్టుకుని పరీక్ష చేయించుకోమన్నారు. ఆపరేషన్‌కి ముందు ఇచ్చే యాంటీబయాటిక్ మార్చాల్సి వస్తే కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుందట. అలర్జీ క్లినిక్‌లో ముంజేతి మీద చుక్కలు వేసి సూదితో సన్నగా గీరారు. ఒక చుక్క హిస్టమిన్, ఒకటి ఉత్త సెలైన్, మిగతావి పెన్సిలిన్‌వి. పావుగంటలో హిస్టమిన్ చుక్క దోమకాటంత ఉబ్బి దురద పెట్టింది, అంటే చర్మం సరిగానే స్పందిస్తోందని అర్థం. పెన్సిలిన్ చుక్కలు అలాగే ఉండిపోయాయి. తర్వాత చర్మం లోపలికి ఎక్కించి చూశారు, దానికీ ఏమీ లేదు. ఆఖర్న అమాక్సిసిలిన్ చిన్న డోసు, కాసేపాగి పూర్తి డోసు మింగించి గంటకు పైగా కూర్చోబెట్టారు. పక్కనే ట్రేలో అడ్రినలిన్ సిద్ధంగా ఉంది. గుండె దడదడలాడింది కానీ అది భయానికే.

వెళ్ళేముందు కొన్ని రోజులపాటు దురద తగ్గించే యాంటీహిస్టమిన్ బిళ్ళలు వేసుకోవద్దన్నారు, వాటివల్ల పరీక్ష తప్పుగా నెగెటివ్ చూపిస్తుందట. ఇప్పుడు నా రికార్డులో ఆ మాట కొట్టేశారు. పాత కార్డు నా చేతులతోనే చింపాను, మనసు చాలా తేలికైంది.

నీలిమబ్బు:

మందులచీటీ గారూ, ఇంత తేడా ఉందని ఇప్పుడే తెలిసింది. నాకో సందేహం. నా కార్డులో సెఫలోస్పోరిన్లు, అంటే పెన్సిలిన్‌కి దగ్గరి జాతి యాంటీబయాటిక్స్ కూడా వాడొద్దని రాసుంది. అదీ నిజమేనా? ఇంకోటి, మళ్ళీ అలాంటిది జరిగితే ముందు ఇంట్లో ఉన్న అలర్జీ బిళ్ళ వేసుకోవచ్చా?

మందులచీటీ:

రెండోదానికి ముందు సమాధానం చెబుతాను, అదే ముఖ్యం. ఊపిరి, గొంతు, కళ్ళు తిరగడం, ఆగని వాంతులు వీటిలో ఏది మొదలైనా అలర్జీ బిళ్ళతో కాలయాపన చేయొద్దు. అది దురద తగ్గిస్తుంది అంతే, పడిపోతున్న బీపీని లేపలేదు, మూసుకుపోతున్న గొంతుని తెరవలేదు. ఆ పని అడ్రినలిన్‌దే. తొడ బయటి పక్క మధ్యభాగంలో, కండలోకి. అయిదు నిమిషాల్లో మెరుగు కనపడకపోతే ఇంకో డోసు ఇస్తారు. అంబులెన్సు వచ్చేలోపు వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టాలి. ఆయాసంగా ఉంటే కాళ్ళు చాపి కూర్చోనివ్వాలి. నిలబెట్టడం, నడిపించడం మాత్రం వద్దు. మీకు లేవగానే కళ్ళు బైర్లు కమ్మాయన్నారు చూడండి, అది బీపీ పడిపోవడం. ఆ స్థితిలో నాలుగడుగులు వేయించినా గుండె ఆగే ప్రమాదముంది.

సెఫలోస్పోరిన్ల మాట. పాత పుస్తకాల్లో పెన్సిలిన్ పడని పదిమందిలో ఒకరికి ఇవీ పడవని ఉండేది. తొలిరోజుల్లో ఆ మందుల్లో పెన్సిలిన్ ఆనవాళ్ళు కలిసి ఉండటం అందుకు ఒక కారణమంటారు. ఇప్పుడు చెప్పే లెక్క 2 శాతం, అంతకన్నా తక్కువ. మందు అణువుకి పక్కన ఉండే గొలుసు ఒకేలా ఉంటేనే ఇబ్బంది ఎక్కువ. సెఫలెక్సిన్, సెఫడ్రాక్సిల్, సెఫక్లోర్‌లకి అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్‌లతో ఆ పోలిక ఉంది. ఆపరేషన్‌కి ముందు ఎక్కువగా ఇచ్చే సెఫజోలిన్‌కి లేదు. కాబట్టి మీ కార్డు మీద రాసింది మరీ టోకుగా ఉంది. అయినా మీకు వచ్చింది తీవ్రమైన రియాక్షన్ కనుక, ఏది వాడొచ్చో మీ అంతట మీరు తేల్చుకోకండి. అలర్జీ స్పెషలిస్టుని కలిసి ఆ కార్డు విడమరిచి రాయించుకోండి.

చిన్నితల్లి:

అందరికీ చాలా థాంక్సండీ. పెన్నుతో గీసి చూశాను, మచ్చ గీసిన చోటే ఉంది. ఇప్పుడు రంగు మారి మానిపోతోంది, వీపు మీద కాస్త పొట్టు లేస్తోంది. మీరు చెప్పిన ప్రమాద సూచనలు ఏవీ లేవు. పొట్టు విషయం అడుగుదామనే మా పిల్లల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళి ఫొటోలు చూపించాను. ర్యాష్ మానేటప్పుడు పైపైన అలా లేవడం మామూలేనన్నారు, నొప్పి, బొబ్బలు లేవు కదా అని రెండుసార్లు అడిగారు. కొన్ని వారాలాగి, పిల్ల పూర్తిగా బాగున్నప్పుడు క్లినిక్‌లోనే అమాక్సిసిలిన్ ఒక డోసు ఇచ్చి, కూర్చోబెట్టి చూద్దామన్నారు. చర్మం పరీక్ష ఈ రకం ర్యాష్‌కి అవసరం లేదట.

ఇంకో రెండు మాటలు అడుగుతాను. వీళ్ళ తమ్ముడికి ఏడాదిన్నర. వాడికి ఈ మందు ఇవ్వాల్సి వస్తే భయపడాలా? మా అత్తగారు ఇన్నేళ్ళయింది కదా, నాకు తగ్గిపోయి ఉంటుంది, ఒక బిళ్ళ వేసుకుని చూస్తానంటున్నారు.

మందులచీటీ:

అత్తగారిని ముందు ఆపండి. ఇంట్లో వేసుకుని చూడటం అస్సలు కుదరదు. ఆవిడ ఆలోచనలో పాయింటు ఉంది, కాదనను. ఇమ్మీడియట్ అలర్జీ నిజంగా ఉన్నవాళ్ళలో కూడా ఆ మందుకి దూరంగా ఉంటే పదేళ్ళలో దాదాపు 80 శాతం మందికి ఆ గుణం పోతుంది. కానీ ఆవిడ మిగిలిన 20 శాతంలో లేరని ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు. పాతకార్డు గారికి చేసినట్టు చర్మం పరీక్షతో మొదలుపెట్టి ఆసుపత్రిలోనే చేయాలి. పెద్దవయసులో బీపీకి, గుండెకి వాడే బీటా బ్లాకర్ బిళ్ళలు ఏమైనా వేసుకుంటుంటే ఆ సంగతి కూడా ముందే చెప్పమనండి. అవి వాడేవాళ్ళలో అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు.

తమ్ముడికి భయం అక్కర్లేదు. అక్కకి ర్యాష్ వచ్చిందనో, నాయనమ్మకి పడలేదనో పిల్లాడికి పెన్సిలిన్ మానేయాల్సిన పనిలేదు. అలర్జీ ఉందని రాయాల్సింది ఆ మందు పడనివాళ్ళ ఫైల్లోనే. ఇంట్లోవాళ్ళ అనుమానానికీ ఇదే జవాబు, పాప ర్యాష్‌కీ నాయనమ్మ రియాక్షన్‌కీ ముడిపెట్టకండి. అయితే పాపకి మిగిలిన సిరప్ మాత్రం వాడికి పోయొద్దు. నీళ్ళు కలిపిన సిరప్ కొద్దిరోజులే పనికొస్తుంది, పైగా వాడి డోసు వాడి బరువుని బట్టి ఉంటుంది. మిగిలిన సీసాని మందుల షాపులో అడిగి పారేయండి. పారేసేముందు లేబుల్ ఫొటో తీసిపెట్టుకోండి.

మీ డాక్టరుగారు చెప్పిన పద్ధతి బాగుంది. ఆ రోజు వచ్చేలోపు ఫైల్లో ఎర్ర ఇంకు పక్కనే ఇలా రాయమనండి: 'చెవి ఇన్ఫెక్షన్‌కి అమాక్సిసిలిన్ సిరప్, ఇంత డోసు, ఫలానా తేదీన మొదలు. ఫలానా రోజున చదునైన ఎర్రటి ర్యాష్, వీపు, పొట్ట నుంచి పాకింది. ఉబ్బు దద్దుర్లు, వాపు, ఆయాసం, బొబ్బలు, నోటిపుళ్ళు లేవు. పరీక్ష చేయాల్సి ఉంది.' ఈలోగా చెవిపోటు వస్తే ఆ పేజీ చూసే డాక్టరుకి వేరే మందు ఎంచుకోవడం తేలిక. ఏది వచ్చినా మీరు సొంతంగా పాత సిరప్ మళ్ళీ మొదలుపెట్టకండి.

చిన్నితల్లి:

రాయించానండీ, ఫొటోలు కూడా ఫైల్లో పెట్టించాను. అత్తగారు బీపీ బిళ్ళలు వేసుకుంటారు, ఆ స్ట్రిప్ తీసుకుని అలర్జీ క్లినిక్‌కి తనే వస్తానన్నారు. పాప పరీక్ష అయ్యాక ఏం తేలిందో ఇక్కడే రాస్తాను.